మంగఫ్‌లో మా పీలేరక్క

పీలేరక్క పోయిందని ఆమె చిన్నకూతురు ఫోన్ చేసి చెప్పింది. రాత్రి అందరితో పాటు తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదంట. పెద్దకర్మ రోజు పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కి వెళ్ళాను. రంగంపేట దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, పీలేరులో షేర్ ఆటో పట్టుకుంటే వాళ్ళ పల్లె. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు అన్నమయ్య జిల్లాలోకి పోయింది గానీ, నాకు మాత్రం అక్క ఎప్పటికీ చిత్తూరు జిల్లా మనిషే. కువైట్‌లో మా ఇంట్లో పనిచేసిన ఆమెనీ నన్నూ కలిపింది ఆ జిల్లా పేరే.

నడవలో గోడకి దండేసిన ఫోటో చూడగానే గుర్తుపట్టాను. అది కువైట్‌లో, మంగఫ్ అనే ఊళ్ళో మా ఫ్లాటులో తీసింది. వెనకాల మా హాలు కర్టెను, దాని మీద నీలం పూలు. అసలు ఫోటోలో ఆమె పక్కన మా అబ్బాయి నిలబడి ఉంటాడు. స్టూడియో వాడు వాణ్ని తీసేసి ఆమెని పెద్దది చేశాడు. వాడి భుజం మీద వేసిన చెయ్యి మాత్రం అట్లాగే ఉండిపోయింది, గాల్లో. దాని కింద కూర్చుని విస్తరిలో అన్నం కలుపుకుంటుంటే ముద్ద దిగలేదు.

వచ్చినప్పటి నుంచీ ఆ రోజులే గుర్తొస్తున్నాయి. మంగఫ్ ఒక్కటే కాదు, అంతకు ముందు మా అమ్మ ఇంట్లో రోజులు కూడా.

*

మాది తిరుపతి. మా నాయన దేవస్థానంలో గుమాస్తా. గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. తెల్లారుజామున సుప్రభాతం మైకులో మొదలయ్యేసరికి వాకిట్లో పరక చప్పుడు వినపడేది. అవ్వ వచ్చేసిందని అర్థం. ఆమె పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు, అందరికీ అవ్వే. కసువు చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, పెరట్లో జాలారి దగ్గర కూచుని బోకులు తోమేది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. ఇత్తడి బిందెలు తోమేటప్పుడు వచ్చే ఆ గరగర శబ్దంలోనే నేను ఎక్కాలు వల్లె వేసేదాన్ని.

జీతం అంటూ నెలకి ఏదో కొద్దిగా. దాంతో పాటు పొద్దున కాఫీ, మిగిలిన చద్దన్నం, పండక్కి పాత చీర, సంక్రాంతికి కొత్త చీర, వాళ్ళింట్లో పెళ్ళయితే చేబదులు. ఆ చేబదులు తీరేదీ కాదు, అమ్మ గట్టిగా అడిగేదీ కాదు. అంతా నోటిమాట మీదే నడిచేది. అమ్మకి కోపమొస్తే రెండు మాటలనేది, అవ్వకి కోపమొస్తే రెండు రోజులు వచ్చేది కాదు. మూడో రోజు ఏమీ జరగనట్టే పరక చప్పుడు మళ్ళీ వినపడేది.

అవ్వ కాఫీ గ్లాసు వేరుగా ఉండేది. పెరటి గూట్లో బోర్లించి పెట్టుకునేది, తాగాక తనే కడుక్కునేది. అది ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉన్న గ్లాసే. అన్నేళ్ళు మా బోకులన్నీ తోమిన చెయ్యి మా గ్లాసులో కాఫీ తాగడానికి పనికిరాకపోవడం అన్యాయం. ఈ మాట నేను పెద్దయ్యాక అమ్మతోనే అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "అవును, ఎవరం ఆలోచించలా" అంది.

గంగమ్మ జాతర వారం మాత్రం అవ్వని పనికి రమ్మని అడిగే ధైర్యం మా అమ్మకి కూడా లేదు. ఆమె కొడుకు వేషాలు కట్టేవాడు. మొదటి రోజు బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్లటి నాము. మరుసటి రోజు బండ వేషం, ఒళ్ళంతా కుంకుమ. ఆ తర్వాత తోటి వేషం, బొగ్గుపొడి. వేపమండలు పట్టుకుని వీధిలోకి వచ్చి బూతులు తిట్టినా ఎవరూ ఏమీ అనకూడదు, అది మొక్కు. ఆ వారం రోజులూ మా ఇంటి ముందు అవ్వ కొడుకు నిలబడితే అమ్మే బయటికెళ్ళి పళ్ళెంలో బియ్యం, డబ్బులు పెట్టి దణ్ణం పెట్టేది. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. ఏడాదంతా మన వాకిట్లో వంగి నిలబడే వాళ్ళకి మన ఇంటావిడ దణ్ణం పెట్టే రోజు ఒకటుందని సంతోషంగానూ ఉండేది.

*

కువైట్ అనే మాట అప్పటికే మా చెవిన పడుతూనే ఉండేది. రాయచోటి, రాజంపేట, పీలేరు, కలికిరి వైపు నుంచి జనం వెళ్ళేవాళ్ళు. అటు నుంచి వచ్చినవాళ్ళ ఇంటి ముందు పేద్ద అట్టపెట్టె దిగేది, తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, మీద మార్కరుతో పేరు, ఊరు రాసి. పూలరగ్గులు, టాంగ్ పొడి, నిడో డబ్బాలు, కోడాలి తైలం, టేప్ రికార్డరు. ఆ పెట్టె తెరవగానే ఇల్లంతా సెంటు వాసన, సబ్బు వాసన కలిసి గుప్పుమనేది. చదువురాని ఆడవాళ్ళు ఉత్తరాలకి బదులు క్యాసెట్లు పంపేవాళ్ళు. మా పక్కింటావిడ చెల్లెలు అక్కడే ఉండేది. ఆ క్యాసెట్ వచ్చిన రోజు వాళ్ళ నడవలో పదిమంది కూచుని వినేవాళ్ళు. సగం సేపు ఏడుపే వినపడేది, మిగతా సగం "ఆవుదూడ ఎట్టుండాది, పాపకి జ్వరం తగ్గిందా" అని ప్రశ్నలు. జవాబు చెప్పడానికి అవతల మనిషి లేదు కదా, అడిగి కాసేపు ఆగేది. క్యాసెట్‌లో ఆ ఖాళీ కూడా వచ్చేది. జనం ఆ ఖాళీలో టేపు రికార్డరుకే జవాబు చెప్పేవాళ్ళు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిందని రేడియోలో విన్నప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ పక్కింటావిడ చెల్లెలు ఏమైందో వారాల తరబడి తెలియలేదు. మన ప్రభుత్వం అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో 1,70,000 మందికి పైగా మనవాళ్ళని తీసుకొచ్చింది. ఆమె కూడా అట్లాగే బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి, అమ్మాన్ శిబిరంలో పడి ఉండి, చేతిలో ఒక సంచితో తిరుపతి స్టేషన్లో దిగింది. కాళ్ళు రెండూ బొబ్బలు. ఇంకెప్పుడూ పోనని ఒట్టేసుకుంది. యుద్ధం అయిపోయి రెండేళ్ళు కాకముందే మళ్ళీ వెళ్ళింది. అప్పు తీరలేదు మరి.

*

నా పెళ్ళయ్యాక మా ఆయనకి కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. చమురు కంపెనీకి పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజినీరు. ఫహాహీల్ పక్కన మంగఫ్‌లో ఫ్లాటు. కిటికీ తెరిస్తే ఒక ముక్క సముద్రం, మిగతాదంతా పక్క బిల్డింగు గోడలు. ఎండాకాలం 50 డిగ్రీలు దాటేది. దుమ్ము లేచిన రోజు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా సాయంత్రానికి అన్నం గిన్నె మూత మీద సన్నటి ఇసుక పేరుకునేది.

పిల్లలు పుట్టేదాకా ఒక్కదాన్నే చేసుకున్నాను. పెద్దది పుట్టినప్పుడు అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది గానీ గడువు అయిపోగానే వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మొదలైంది టెన్షన్. గంటల లెక్కన పనికొచ్చే ఆడవాళ్ళు దొరికేవాళ్ళు. మొదట ఒక శ్రీలంకావిడ వచ్చింది. ఆమెకి తెలుగు రాదు, నాకు సింహళం రాదు. ఇద్దరికీ తమిళం వచ్చు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి తమిళం పనిగట్టుకుని నేర్చుకోనక్కర్లేదు కదా, మద్రాసు రేడియో వింటూ పెరిగాం. ఆమె సెలవుకి వెళ్ళి మళ్ళీ రాలేదు. తర్వాత వచ్చిన గోదావరి జిల్లా అమ్మాయి తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటి నుంచి బయటపడిన మనిషి. అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి, లేదు. వీధిలో చెకింగ్ ఉందని తెలిస్తే ఆ రోజు ఎక్కడ దాక్కునేదో తెలియదు. నేను పాపని చంకలో వేసుకుని గుమ్మం వైపు చూస్తూ ఉండేదాన్ని. పని ఆగిపోతుందన్న దిగులు ఒకటి, ఆ పిల్లని పట్టుకున్నారేమోనన్న భయం ఒకటి. ఒకసారి అట్లాగే రాలేదు, ఇక రానే లేదు. మన రాయబార కార్యాలయం ఆశ్రయంలో ఉందని, ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్ళకి ఇచ్చే ప్రయాణ కాగితం, మీద ఇంటికి పోతుందని చాన్నాళ్ళకి ఎవరో చెప్పారు. ఆమెకి ఇవ్వాల్సిన జీతం కవర్లో పెట్టి తెలిసినవాళ్ళ చేత పంపించాను. చేరిందని కబురొచ్చేదాకా నిద్ర పట్టలేదు.

అక్కడ ఇంటిపని మనుషుల వీసాని అందరూ ఇరవై నంబరు వీసా అంటారు. కంపెనీ ఉద్యోగులది పద్దెనిమిది. ఆ రెండు నంబర్ల మధ్య తేడా చాలా పెద్దది. మా ఆయనకి జీతం రాకపోతే లేబరు ఆఫీసుకి వెళ్ళొచ్చు. 2010లో వచ్చిన కార్మిక చట్టం కూడా ఇంటిపని వాళ్ళని పక్కన పెట్టేసింది. ఎవరింట్లో పనిచేస్తుంటే వాళ్ళే ఆ మనిషికి వీసా, తిండి, తాళంచెవి, అన్నీ.

*

పీలేరక్క మా ఇంటికి వచ్చింది ఒక శుక్రవారం. కువైట్ సిటీలో మాలియా దగ్గర ప్రతి శుక్రవారం తెలుగువాళ్ళు చేరతారు. ఊరి కబుర్లు, డబ్బు పంపుకోవడాలు, ఊరికి పోయేవాళ్ళ చేతికి సామాన్లు ఇవ్వడాలు, అన్నీ అక్కడే. మా వారి దగ్గర పనిచేసే డ్రైవరు కలికిరి మనిషి. "మా పక్కూరామె ఉండాది సార్, రెండేండ్లు అయిపోయినాయి, వాళ్ళు రిలీజ్ ఇస్తామంటాండారు" అని చెప్పాడు. ఆ ఇంటివాళ్ళకి కొంత డబ్బు కట్టి రిలీజ్, అంటే వీసా మా పేరు మీదికి మార్చుకోవడానికి వాళ్ళ ఒప్పుకోలు, తీసుకున్నాం.

గుమ్మంలో నిలబడ్డప్పుడు చూశాను. సన్నగా, పొడుగ్గా, నల్లటి అబాయా మీద పసుపురంగు తువ్వాలు. "ఏ ఊరక్కా?" అన్నాను. "పీలేరు కాడ." "మాది తిరుపతి." అంతే, మనిషి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మొదటి ఇంట్లో రెండేళ్ళు తెలుగు మాట వినలేదంట. పదకొండు మంది ఉన్న ఇల్లు, మూడంతస్తులు. రంజాన్ నెలలో పగలంతా వంట, రాత్రి సహరి దాకా వడ్డన, మళ్ళీ తెల్లారి బోకులు. పడుకునేది వంటగది పక్కన ఇస్త్రీ గదిలో. "కొట్టలేదు పాపా, అబద్ధమెందుకు చెప్పాల. తిండి కూడా పెట్టినారు. నిద్రే లేదు" అంది.

ఆమె ఎందుకొచ్చిందో తర్వాత్తర్వాత చెప్పింది. వాళ్ళకి నాలుగెకరాల మెట్ట. చెనక్కాయ పంట వానల్లేక వరసగా పోయింది. మొగుడు బోరు వేయించాడు, నీళ్ళు పడలేదు. ఇంకోటి వేయించాడు, దుమ్ము లేచింది. మూడోదానికి ఆమె తాళిబొట్టు గొలుసు పోయింది. మా వైపు ఇంటింటికీ ఉన్న కథే ఇది. అప్పు తీర్చడానికి ఏజెంటు చేతిలో మళ్ళీ అప్పు చేసి డబ్బు పోసి, ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర వదిలి విమానమెక్కింది. పాస్‌పోర్టులో వయసు కొన్నేళ్ళు ఎక్కువ వేయించారు. చిన్న వయసు ఆడవాళ్ళని ఇంటిపనికి పంపడానికి అడ్డంకులున్నాయి కాబట్టి ఏజెంట్లు అట్లా చేసేవాళ్ళు. నేను ఎన్నాళ్ళుగానో ఆమెని నాకంటే పదేళ్ళు పెద్దదనుకున్నాను. అసలు వయసు మొన్న పెద్దకర్మ నాడు కూతురు చెప్తే తెలిసింది. నాకంటే ఆరేళ్ళే పెద్ద.

*

ఒకే జిల్లా అయినంత మాత్రాన ఒకే వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఇమడడం తేలిక కాదు. మొదటి ఏడాది చాలా కష్టపడ్డాం, ఇద్దరమూ. ఆమె పప్పు ఎనిపితే పచ్చిమిరపకాయలు పిల్లల నోరు మండేంత. నేను కారం తగ్గించమంటే మొహం మాడ్చుకునేది, "ఇది పప్పా, పాయసమా" అనేది. బట్టల మిషన్ ఆమెకి నమ్మకం లేదు. మిషన్లో తీసినవి మళ్ళీ బకెట్లో జాడించేది. నీళ్ళు వృథా అని నేను, మురికి పోలేదని ఆమె. పిల్లలకి నేను వద్దన్న చాక్లెట్టు ఆమె దగ్గర దొరికేది. చిన్నవాడు రాత్రి కలలో ఉలిక్కిపడి లేస్తే "పెద్దమ్మా" అనేవాడు, అమ్మా అనేవాడు కాదు. పక్కగదిలో మెలకువగా పడుకుని ఆ పిలుపు వినడం చాలా కష్టంగా ఉండేది. ఆమెకి ఇంకెంత కష్టంగా ఉండేదో. వాడి వయసు పిల్లని ఊళ్ళో వదిలేసి వచ్చింది.

మా బిల్డింగులో మన కుటుంబాలు చాలా ఉండేవి. సాయంత్రం పిల్లల్ని ఆడించే చోట ఆడవాళ్ళంతా పనిమనుషుల గురించే మాట్లాడుకునేవాళ్ళు. సెల్‌ఫోన్ కొనివ్వద్దు. శుక్రవారం బయటికి పంపద్దు, పంపితే ఎవరో ఒకరు ఎక్కువ జీతం ఆశచూపి లాక్కుపోతారు, ఖల్లివల్లి, అంటే కఫీల్‌ని వదిలి పారిపోయిన మనిషి, అయిపోతుంది. పాస్‌పోర్టు బీరువాలో పెట్టు. రెండు నెలల జీతం చేతిలో ఉంచుకో. ఇవి చెప్పినవాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు. నాకు ఒంట్లో బాగోకపోతే రసం చేసి తెచ్చినవాళ్ళే. ఊళ్ళో అయితే అవ్వ అలిగితే రెండు రోజులు తన ఇంట్లో కూచునేది. ఇక్కడ అలగడానికి ఆమెకి వేరే ఇల్లు లేదు. అది మనకి సౌకర్యం, ఆమెకి ఉరి. ఈ సంగతి నేను ఆ చర్చల్లో పైకే అనేదాన్ని, కొందరికి నచ్చేది కాదు.

మా ఆయనకీ నాకూ దీని మీద వాదన జరిగింది. స్పాన్సరు ఆయనే కాబట్టి ఏం జరిగినా ఆయన మెడకి చుట్టుకుంటుంది, ఆ భయం ఆయనది. చివరికి పాస్‌పోర్టు ఆమె సూట్‌కేసులోనే ఉంది. శుక్రవారం పొద్దున తలంటుకుని, మాలియా బస్సెక్కి, రాత్రి వంటకి ముందే తిరిగొచ్చేది. మొదటి శుక్రవారం పొద్దుగూకే వేళ ఇద్దరం బాల్కనీలో నిలబడి రోడ్డు వైపే చూశాం. చేతిలో తమలపాకుల కట్ట, మల్లెపూలు పట్టుకుని వచ్చింది. పూలలో సగం తుంచి నా జడలో పెట్టింది.

జీతం ఒకటో తారీఖునే. అప్పట్లో ఇళ్ళల్లో 40 దినార్లు ఇచ్చేవాళ్ళు, మేం కొంచెం ఎక్కువ ఇచ్చేవాళ్ళం. దినారుకి 150, 160 రూపాయలు వచ్చే రోజులు. చేతిలో పడగానే నన్ను ఎక్స్‌ఛేంజ్ ఆఫీసుకి తీసుకెళ్ళేది. ఫారం నేను నింపితే వేలిముద్ర వేయకుండా, అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టేది. ఆ సంతకం మా అమ్మాయి నేర్పింది, ఒకటో తరగతి కాపీరైటింగ్ పుస్తకంలో.

*

సంగటి గురించి చెప్పకపోతే ఆ ఇంటి గురించి చెప్పినట్టే కాదు. ఊరినుంచి ఎవరొచ్చినా రాగిపిండి తెప్పించుకునేది. ఎసట్లో నూకలు ఉడుకుతుండగా పిండిని గుట్టగా పోసి, మధ్యలో తెడ్డుతో గుంట చేసి, మూతపెట్టేది. కెలకడం మొదలుపెట్టాక చూడాలి. గిన్నెని నేలమీద దించి, రెండు పాదాల మధ్య మసిగుడ్డతో బిగించి పట్టుకుని, తెడ్డు రెండు చేతులతో తిప్పేది. ఉండలు లేకుండా నిగనిగలాడే దాకా ఆపేది కాదు. తర్వాత గిన్నెలో నీళ్ళు చిలకరించి, తడిచేత్తో ముద్దని తీసుకుని దాంట్లో గుండ్రంగా తిప్పి తిప్పి బంతి చేసేది. పక్కన చెనక్కాయల ఊరిబిండి, పచ్చిపులుసు. ఇంజినీరుగారు టై విప్పకుండానే కింద కూచునేవాడు. నేలమీద వరసగా ఐదుగురం, ఆమెతో కలిపి. కంచాలు అన్నీ ఒకటే సెట్టు.

తింటూ తింటూ ఒకసారి మా అమ్మ ఇంట్లో అవ్వ గురించి, గూట్లో గ్లాసు గురించి చెప్పాను. అక్క నమలడం ఆపి, "మా అమ్మ కూడా పీలేరులో ఒకరింట్లో చేసేది పాపా. ఆమె గ్లాసు కిటికీ మీద ఉండేది" అంది. మళ్ళీ ముద్ద తుంచుకుంది.

*

ఆమె పెద్దకూతురు పెద్దమనిషి అయ్యిందని ఫోన్ వచ్చినప్పుడు మాకు పిల్లల పరీక్షలు నడుస్తున్నాయి. అయినా వెళ్ళమన్నాం, టిక్కెట్టు మేమే తీస్తామన్నాం. రాత్రంతా ఆలోచించి పొద్దున వద్దంది. "పొయ్యి రావాలంటే అందరికీ ఏమన్నా తీసకపోవాల. ఆ ఖర్చుతో ఫంక్షన్ రెండింతలు జరుగుతాది" అని లెక్క చెప్పింది. పట్టుచీరకి డబ్బు పంపింది. రంగు కూడా ఫోన్లో ఆమే నిర్ణయించింది, చిలకపచ్చ, ఎర్రంచు.

నెల తర్వాత ఊరినుంచి వచ్చిన ఒకాయన చేతికి ఆల్బం పంపారు. వంటగదిలో కూచుని ఒక్కో పేజీ తిప్పింది. ఫోటోల మీద ప్లాస్టిక్ కవరు అంటుకుపోయి ఉంటే గోటితో మెల్లగా లేపి, కూతురి మొహం మీద వేలుపెట్టి చూసింది. ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు ఎంత చదివించి ఉంటారో నాకు చెప్తూ పోయింది. మేనమామ పక్కన నిలబడాల్సిన చోట ఆమె చెల్లెలు నిలబడి ఉంది. ఆ పేజీ తొందరగా తిప్పేసింది. ఆ రోజు పొయ్యి నేనే వెలిగించాను.

*

ఆమె వెళ్ళిపోయే ఏడాది మొగుడికి ఆరోగ్యం దెబ్బతింది, పెద్దపిల్ల పెళ్ళి కుదిరింది. ఇంక ఉండనని చెప్పేసింది. సామాను సర్దుకోవడం వారం పట్టింది. అట్టపెట్టె తాడు నేను ఒకవైపు పట్టుకుంటే ఆమె మోకాలు ఆనించి రెండోవైపు లాగి ముడేసింది.

మా అమ్మకి ఫోన్ చేస్తే, "ఇంటి ఆడబిడ్డని పంపినట్టు పంపు. పట్టుచీర, పసుపు కుంకుమ, ఒక ఉంగరం పెట్టు" అంది. అవన్నీ కొని ఉంచాను. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక అక్క హాల్లోకి వచ్చి కింద కూచుంది. చేతిలో చుట్టిన క్యాలెండర్లు. ఎక్స్‌ఛేంజ్ కంపెనీ ప్రతి ఏడూ ఇచ్చేవి, ఒక్కటి కూడా పారేయకుండా దాచింది. ఒక్కొక్కటీ విప్పి నేలమీద పరిచింది. జీతం అందిన ప్రతి తారీఖు చుట్టూ పెన్సిలుతో సున్నా. జ్వరమొచ్చి పడుకున్న రోజులకి అడ్డగీత. మాకు గుర్తే లేని రోజులన్నీ అక్కడున్నాయి.

"సారుకి ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆఖరి లెక్క ఇస్తాది గదా పాపా. ఫోన్లో మాట్లాడుకుంటాంటే విన్న్యాను. ఏడాదికి ఇంత అని."

"అవునక్కా."

"నాకు మీరే గదా కంపెనీ."

ఆ మాటలో కోపం లేదు, దబాయింపు లేదు. కారం ఎంతెయ్యాలని అడిగినప్పటి గొంతే. మా ఆయన ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి క్యాలిక్యులేటర్ తెచ్చుకున్నాడు. వచ్చి ఆమె ఎదురుగా నేలమీదే కూచుని, క్యాలెండర్లు వరసగా పెట్టుకుని, ఏడాదికి ఒక నెల జీతం చొప్పున వేశాడు. అడ్డగీతల రోజులు తీసేయమని అక్క అంటే, జ్వరమొచ్చిన రోజులకి కంపెనీ నాకు కొయ్యదు, నీకెందుకు కొయ్యాలి అన్నాడు. ఆ పూట మా ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. పట్టుచీర, ఉంగరం మామూలుగానే పెట్టాను. అది వేరు, ఇది వేరు.

బిల్డింగులో తెలిసినప్పుడు కొందరికి కోపం వచ్చింది. మీరిట్లా మొదలుపెడితే రేపు మావాళ్ళూ అడుగుతారన్నారు. అడగాలనే నా కోరిక. అక్క వెళ్ళిన చాలా ఏళ్ళకి, 2015లో, కువైట్ ప్రభుత్వం ఇంటిపని వాళ్ళ కోసం ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, వాళ్ళు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోకూడదు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం. ఆ మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లు చేశారు. పేపర్లో చదివి వెంటనే ఊరికి ఫోన్ చేశాను. అక్క అంతా విని, "ఇప్పుడు పొయ్యే పిల్లోళ్ళకి ఎవురన్నా చెప్తారా ఇది?" అని అడిగింది. ఆ తర్వాత వాళ్ళ పల్లె నుంచి ఎవరు కువైట్ బయలుదేరినా నా నంబరు ఇచ్చి మాట్లాడించేది. పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఒకటి పెట్టి పొమ్మని, ఇంటిపని అయినా సరే అగ్రిమెంటు కాగితం చేతిలో లేకుండా విమానం ఎక్కద్దని, ముప్పై ఏళ్ళు నిండకుండా వయసు మార్చి పంపుతామనే ఏజెంటుని నమ్మద్దని నేను చెప్పే మాటల్ని ఆమె పక్కనుంచి ఇంకా గట్టిగా చెప్పేది.

ఆ ఆఖరి లెక్క డబ్బుతో ఇంకో బోరు వేద్దామని మొగుడు పట్టుబట్టాడంట. అక్క వినలేదు. మదనపల్లె వైపు సంతకెళ్ళి రెండు పాడి ఆవుల్ని కొని తోలుకొచ్చింది. పాలకేంద్రం వాళ్ళు పదిహేను రోజులకోసారి బిల్లు ఇచ్చేవాళ్ళు. బిల్లు వచ్చిన రోజు నాకు ఫోన్ చేసేది. ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత వచ్చింది, ఎంత చేతికొచ్చింది, దాణాకి ఎంత పోయింది, అంతా వరసగా చెప్పేది. ఆ ఆవుల ఈతల్లో పుట్టిన పెయ్యలు పెరిగి, మొన్న నేను వెళ్ళినప్పుడు కొట్టంలో ఐదు ఉన్నాయి. చిన్నకూతురు పాలు పిండుతూ మాట్లాడింది. తన కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చిందని, ఫీజు పాలబిల్లు మీదే కడుతున్నామని చెప్పింది.